ఇంటి నిల్వల చరిత్ర – 6: చల్లదనం ఇల్లు చేరిన దారి

టెక్సస్ రాష్ట్రంలో డాలస్ నగరానికి ఉత్తరాన, కాలిన్ కౌంటీలో ఉన్న ప్లేనో పట్టణపు తెలుగు ఇళ్లలో ఆహారాన్ని చెడిపోకుండా నిలిపే పద్ధతులు రెండు పక్కపక్కనే కొనసాగుతున్నాయి. మొదటిది విద్యుత్తుతో నడిచే చల్లదనం. మిగిలిన అన్నం, పప్పు, కూర, దోసెల పిండి, పాలు, పెరుగు దాని అధీనంలో ఉంటాయి. రెండవది ఉప్పు, నూనె, పులుపు, ఎండ కలిసి చేసే పని. ఆవకాయ, మాగాయ, కారప్పొడులు, వడియాలు, ఒరుగులు దాని కిందికి వస్తాయి. మొదటిది అమెరికా పద్ధతి అనీ, రెండవది వలస వచ్చినవారు వెంట తెచ్చుకున్న తెలుగునాటి పాత పద్ధతి అనీ భావించడం వాడుక. ప్లేనో నేల చరిత్రను తిరగేస్తే ఈ విభజన నిలవదు. ఈ ప్రాంతపు రైతు కుటుంబాలు 1930ల చివరి వరకు చాలామేరకు ఉప్పునూ పొగనూ గాజుసీసానూ నేలకొట్టునూ నమ్ముకుని బతికినవే. పగలూ రాత్రీ అందుబాటులో ఉండే చల్లదనం వారి ఇళ్లకు చేరిన కాలానికీ, తెలుగు మధ్యతరగతి ఇళ్లకు చేరిన కాలానికీ మధ్య అంతరం రెండు తరాలకు మించదు.

ధాన్యం నిల్వకు వాడిన గాదెలు, పురులు, పాతరల గురించి గత భాగంలో చర్చ జరిగింది. వండిన పదార్థం సంగతి వేరు. ఎండిన గింజలో సూక్ష్మజీవులకు చాలినంత తేమ ఉండదు. అన్నంలోనూ పప్పులోనూ అది సమృద్ధిగా ఉంటుంది. ఆహారాన్ని పాడుచేసే బ్యాక్టీరియా, బూజులు పెరగాలంటే వాటికి అందే నీరు, తగిన వెచ్చదనం, మితిమీరని పులుపు, కొంత వ్యవధి కావాలి. వీటిలో ఏదో ఒకదాన్ని అందకుండా చేయడంలోనే నిల్వ పద్ధతుల కిటుకంతా ఉంది. ఉప్పూ చక్కెరా పదార్థంలోని నీటిని పట్టి ఉంచి సూక్ష్మజీవులకు దక్కనివ్వవు; ఎండ ఆ నీటిని పూర్తిగా లాగేస్తుంది; చింతపండు, నిమ్మరసం, మామిడి పులుపు ఆమ్లాన్ని పెంచుతాయి; పైన తేలే నూనె గాలిని తగలనివ్వక బూజును ఆపుతుంది; చల్లదనం ఆ జీవుల పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది. చల్లదనం వాటిని చంపదు, ఆపి ఉంచుతుందంతే. ఫ్రిజ్ బయటికి తీసిన మరుక్షణం నుంచి అవి మళ్లీ తమ పని మొదలుపెడతాయి. ఈ ఒక్క తేడాను గుర్తుంచుకుంటే తరువాతి చరిత్ర అంతా సులువుగా అర్థమవుతుంది.

తెలుగునాట ఈ పరిజ్ఞానం ఎంత పాతదో సాహిత్యమే చెబుతుంది. 15వ శతాబ్దికి చెందిన పోతన భాగవతంలో కృష్ణుడు గోపబాలురతో కలిసి చల్దులారగించే ఘట్టంలో ఊరగాయలు కనిపిస్తాయి. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువారి ద్వారా 16వ శతాబ్దంలో గాని భారతదేశం చేరలేదు గనుక, ఆ ఊరగాయలో నేటి ఆవకాయ ఎరుపు ఉండే అవకాశం లేదు. కృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ఋతువును బట్టి అతిథులకు భోజనం పెట్టే వర్ణన ఉంది. అందులో జడివాన కాలపు విస్తరిలోకి ఒరుగులూ వడియాలూ వస్తాయి. ఒరుగులంటే కూరగాయలను ముక్కలు కోసి ఎండబెట్టినవి. వానల్లో పచ్చికూర దొరకని రోజుల కోసం మండువేసవిలోనే కూరను సిద్ధం చేసి ఉంచే ఏర్పాటు అది. అంటే తెలుగు ఇంటి నిల్వ సంవత్సరం వేసవిలో మొదలవుతుంది. మామిడికాయ, ఎండుమిరపకాయ, చింతపండు, కందిపప్పు, ఉప్పు అన్నీ ఆ రెండు మూడు నెలలలోనే ఇల్లు చేరి, ఏడాది పొడవునా తినవలసిన రూపం దాలుస్తాయి. జాడీలో ముక్కలపైన నూనె తేలేలా చూడటం, తడి తగలని గరిటె వాడటం, మూతికి గుడ్డతో వాసెన కట్టటం వంటి నియమాలలో ఒక్కటి కూడా అలంకారప్రాయం కాదు. ప్రతిదానికీ సూక్ష్మజీవశాస్త్రం నేడు కారణం చూపగలదు.

వండిన మిగులుకు మాత్రం తెలుగు ఇల్లు వేరే ఉపాయం కనిపెట్టింది. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లో మజ్జిగో పోసి ఉంచితే తెల్లవారేసరికి లాక్టిక్ బ్యాక్టీరియా, అంటే పాలను పెరుగుగా మార్చే జాతికి చెందిన మేలు చేసే జీవులు, దాన్ని పులియబెడతాయి. ఆ పులుపే ఇతర జీవులను రానివ్వకుండా కాస్తుంది. చద్దన్నం ఈ విధంగా తయారైనది. కోస్తా ప్రాంతంలో తరవాణి కుండను రోజూ కొనసాగించి, నిన్నటి పులుపును నేటి గంజికి తోడుగా వాడేవారు. చీమలూ పిల్లులూ అందుకోకుండా పాలకుండలనూ పెరుగుకుండలనూ ఉట్టిపై వేలాడదీశారు. తరువాతి కాలంలో జాలీ బీరువా వచ్చింది, దాని నాలుగు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టేవారు. ఇవన్నీ వ్యవధిని ఒక పూట పెంచగలిగాయే గాని, రెండు మూడు రోజులకు చేర్చలేకపోయాయి. అందుకే కొలిచి వండటం, మిగిలినదాన్ని మర్నాటి పొద్దుటిలోగా తినేయటం లేదా పంచేయటం గృహిణి నేర్పులో భాగమయ్యాయి. ఆ నేర్పును ఆర్థికశాస్త్ర గ్రంథాలు లెక్కలోకి తీసుకోకపోవడం చరిత్ర రచనలోని పెద్ద లోపం.

ఇక ప్లేనో వైపు చూస్తే, 1840లలో శ్వేతజాతి రైతులు స్థిరపడిన ఈ నల్లరేగడి మైదానానికి 1872లో హ్యూస్టన్ అండ్ టెక్సస్ సెంట్రల్ రైల్వే వచ్చింది. మరుసటి ఏడే ఊరు పురపాలక పట్టణమయింది. పత్తి, గోధుమ, మొక్కజొన్న ప్రధానమైన పంటలు. 1891లో కట్టిన ఒక పెద్ద రైతు ఇల్లు నేడు హెరిటేజ్ ఫార్మ్‌స్టెడ్ మ్యూజియంగా పట్టణం నడిబొడ్డున నిలిచి ఉంది. ఆ తరం టెక్సస్ పల్లెలలో నిల్వ సంవత్సరం తెలుగువారిదానికి సరిగ్గా ఎదురుగా, చలికాలంలో మొదలయ్యేది. ఉత్తరపు చలిగాలి వీచి వాతావరణం గడ్డకట్టే స్థాయికి దగ్గర పడగానే పందులను కోసి, మాంసానికి ఉప్పు పట్టించి, పొగకొట్టులో వేలాడదీసేవారు. మాంసంలోకి ఉప్పు దిగేవరకు అది కుళ్లకుండా కాపాడేది ఆ చలి మాత్రమే గనుక, చలి ముందే సడలితే ఏడాది తిండి పోయినట్టే. బంగాళదుంపలూ సీసాలూ ఇంటి పక్కన తవ్విన నేలకొట్టులో ఉండేవి. సుడిగాలి వచ్చినపుడు కుటుంబం తలదాచుకునేదీ అందులోనే.

గాజుసీసా కథ కొంచెం విడిగా చెప్పదగినది. మూసిన పాత్రను మరుగుతున్న నీటిలో వేడిచేస్తే లోపలి ఆహారం చెడదని ఫ్రాన్సులో నికొలా అప్పేర్ చూపి, 1810లో ఆ దేశ ప్రభుత్వం నుంచి 12,000 ఫ్రాంకుల బహుమతి పొందాడు. అది ఎందుకు జరుగుతుందో మాత్రం పాశ్చర్ పరిశోధనల తరువాతే తెలిసింది. 1858లో జాన్ లాండిస్ మేసన్ మరమూతి గాజుసీసాకు అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. టెక్సస్‌లో ఈ విద్యను పల్లె బాలికలకు నేర్పే పని 1912లో మైలమ్ కౌంటీలో ఎడ్నా ట్రిగ్ అనే ఉపాధ్యాయిని చేతిలో మొదలైంది. ప్రభుత్వం తరఫున గృహవిజ్ఞానం బోధించే ఉద్యోగం పొందిన తొలి టెక్సస్ మహిళ ఆమె; టొమాటో క్లబ్బులు పెట్టి, బాలికలచేత తోట వేయించి, పండినదాన్ని డబ్బాలకెత్తించి అమ్మించింది. తరువాత కాలిన్ కౌంటీకి పొరుగునే ఉన్న డెంటన్ కౌంటీలో పనిచేసింది. 1914 నాటి స్మిత్-లీవర్ చట్టం ఇటువంటి బోధనను దేశమంతటా స్థిరపరచింది. టొమాటోవంటి పుల్లని పండుకు మరుగునీరు చాలు. పులుపు లేని చిక్కుడు, మొక్కజొన్న, మాంసాలకు 240 డిగ్రీల ఫారన్‌హీట్ వేడినిచ్చే ప్రెషర్ పాత్ర కావాలి, లేకుంటే గాలిలేని చోట పెరిగే బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా ప్రాణాంతకమైన విషాన్ని పుట్టిస్తుంది. ఈ సంగతిని పల్లెపల్లెకూ తిరిగి చెప్పిన స్త్రీలు కాపాడిన ప్రాణాలకు లెక్క లేదు.

చల్లదనం మొదట మంచుగడ్డ రూపంలో, సరుకుగా వచ్చింది. టెక్సస్ రేవులకు మంచు ఉత్తరాది సరస్సుల నుంచి ఓడలలో దిగుమతి అయ్యేది. అమెరికా ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధంలో ఉత్తరపు నౌకాదళం రేవులను దిగ్బంధించగా ఆ సరఫరా ఆగిపోయింది. అపుడు ఫ్రాన్సులో ఫెర్డినాండ్ కారే రూపొందించిన అమోనియా యంత్రాన్ని మెక్సికో మీదుగా రహస్యంగా శాన్ ఆంటోనియోకు చేర్చి మంచు తయారు చేశారు. అమోనియా ఆవిరై వ్యాపించేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుందన్న సూత్రం మీద ఆ యంత్రం నడుస్తుంది. యుద్ధం తరువాతి దశకాలలో రైలు ఆగే పట్టణాలన్నిటా మంచు ఫ్యాక్టరీలు వెలిశాయి. పట్టణపు ఇళ్లలో ఐస్‌బాక్సు ఉండేది. లోపల రేకు తొడిగి, గోడల మధ్య రంపపుపొట్టు నింపిన చెక్కబీరువా అది. పై అరలో మంచుగడ్డ, కింది అరలలో పాలు, వెన్న, మాంసం, అట్టడుగున కరిగిన నీళ్లు పట్టే పళ్లెం ఉండేవి. ఒక గ్రాము మంచు కరగడానికి 80 కేలరీల వేడి కావాలి. ఆ వేడిని లోపలి పదార్థాల నుంచి లాక్కోవడం వల్లనే అవి చల్లబడతాయి. 25, 50, 75, 100 పౌన్ల అంకెలున్న అట్టను కిటికీకి తగిలిస్తే, ఇంటావిడ పైకి తిప్పి ఉంచిన అంకెను చూసి మంచు బండివాడు అంత గడ్డను తెచ్చి పెట్టేవాడు.

ప్రపంచమంతటా నేడు తెలిసిన ఒక వ్యాపారం ఈ మంచు నుంచే, ప్లేనోకు అరగంట దూరంలో పుట్టింది. 1927లో డాలస్‌లోని ఓక్ క్లిఫ్ పేటలో సౌత్‌లాండ్ ఐస్ కంపెనీకి చెందిన మంచు విక్రయశాలలో పనిచేసే ఉద్యోగి ఒకరు, మంచు ఎటూ దగ్గరే ఉంది గనుక, పాలు, గుడ్లు, రొట్టె కూడా అమ్మటం ప్రారంభించాడు. మామూలు దుకాణాలు మూసిన వేళలలో కూడా ఆ శాల తెరిచి ఉండేది. ఉదయం 7 నుంచి రాత్రి 11 వరకు తెరిచి ఉంచే ఆ దుకాణాల వరుసకు 1946లో సెవెన్-ఇలెవెన్ అని పేరు పెట్టారు. ఇంట్లో నిల్వ పెట్టే స్తోమత లేని వస్తువును వీధి చివర నిల్వ పెట్టి అమ్మటం ఆ వ్యాపారానికి మూలం.

ఇంట్లోనే చల్లదనాన్ని పుట్టించే యంత్రాలు 1910లలోనే అమ్మకానికి వచ్చినా, 1927లో జనరల్ ఎలక్ట్రిక్ విడుదల చేసిన ‘మానిటర్ టాప్’ నమూనాతో గాని వాటికి విస్తృతమైన ఆదరణ దక్కలేదు. అది కూడా పట్టణాలకే పరిమితం, ఎందుకంటే పొలాలకు కరెంటు తీగలు లేవు. పలచగా ఉన్న ఇళ్లకు తీగలు లాగడం ప్రైవేటు కంపెనీలకు గిట్టుబాటు కాలేదు. 1935లో రూజ్వెల్ట్ ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను స్థాపించి, రైతుల సహకార సంఘాలకు అప్పులిచ్చింది. టెక్సస్‌లో ఆ అప్పుతో తొలిసారి దీపాలు వెలిగింది 1936 మార్చిలో బార్ట్‌లెట్ అనే చిన్న ఊరి పరిసరాలలో. కాలిన్ కౌంటీ పొలాలకు కూడా సహకార సంఘం ద్వారానే ఆ తరువాత కరెంటు అందింది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఫ్రిజ్‌ల తయారీ ఆగిపోవడంతో చాలా రైతు ఇళ్లు మరికొన్నేళ్లు వేచి ఉండక తప్పలేదు.

తెలుగువారి వైపు కథ ఇంతకంటే మెల్లగా నడిచింది. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ 1833లో ‘టస్కనీ’ అనే ఓడలో 180 టన్నుల మంచును కలకత్తాకు పంపగా, నాలుగు నెలల ప్రయాణం తరువాత సుమారు 100 టన్నులు మిగిలాయి. కోస్తా జిల్లాలకూ రాయలసీమకూ నాటి రాజధాని అయిన మద్రాసులో అదే వ్యాపారం కోసం 1842లో సముద్రతీరాన మంచు గోదాము కట్టారు. 1897లో వివేకానందుడు బస చేసిన ఆ భవనం ఇప్పటికీ ఐస్‌హౌస్ అనే పేరుతోనే గుర్తు. ఆ మంచు దొరల బల్లల మీదికి, ఆస్పత్రులకు చేరిందే గాని సామాన్యుల వంటింటికి రాలేదు. 1958లో గోద్రెజ్ సంస్థ దేశీయంగా ఫ్రిజ్ తయారు చేసిన తరువాత కూడా అది చాలాకాలం ధనికుల వస్తువుగానే ఉండిపోయింది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాల మధ్యతరగతి ఇళ్లకు అది సాధారణమయ్యేసరికి 1980లు వచ్చాయి. మొదట్లో అందులో ఉండేవి మంచినీళ్ల సీసాలు, పాలు, మల్లెపూలు. నిన్నటి కూరను అందులో పెట్టి మర్నాడు తినడానికి ఎంగిలి, అంటు, చద్ది పట్టింపులున్న పెద్దలు చాలా ఇళ్లలో ఒప్పుకోలేదు.

ఇదే కాలంలో ప్లేనో మారిపోయింది. 1960లో 3,695 మంది ఉన్న ఊరు 1980 నాటికి 72,331కి, 2020 నాటికి 2,85,494కి పెరిగింది. రాస్ పెరో స్థాపించిన ఈడీఎస్ అనే కంప్యూటర్ సేవల సంస్థ, ఫ్రిటో-లే, జేసీ పెన్నీ వంటివి పశ్చిమ ప్లేనోలో తమ కార్యాలయాలు నిర్మించాయి. 1990 నాటి వలస చట్టం హెచ్-1బి వీసాలను ఏర్పరచిన తరువాత తెలుగు ఇంజనీర్లు పెద్దసంఖ్యలో ఈ పరిసరాలకు చేరారు. దంపతులిద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో వారాంతంలో రెండు మూడు కూరలు, పప్పు, సాంబారు వండి వారమంతా వాడుకోవడం అలవాటయింది. పూర్వం సంవత్సరాన్ని బట్టి నడిచిన నిల్వ ఇపుడు వారాన్ని బట్టి నడుస్తోంది. రెండవ ఫ్రిజ్‌నో డీప్ ఫ్రీజర్‌నో గరాజులో పెట్టుకున్న ఇళ్లు అనేకం. ఆసియా నుంచి తాజా కరివేపాకు రాకను నిమ్మజాతి చెట్లకు సోకే తెగులు భయంతో అమెరికా వ్యవసాయశాఖ కట్టడి చేసినందువల్ల, దొరికినపుడు తెచ్చుకున్న రెబ్బలను జిప్ సంచులలో గడ్డకట్టించడం సాధారణం. గోంగూర, మునక్కాడలు, కొబ్బరి తురుము కొట్టులోనే గడ్డకట్టి అమ్ముడవుతాయి. అయిదు పౌన్ల పెరుగు డబ్బా ఖాళీ అయితే పారేయరు. అందులోకి సాంబారు చేరుతుంది, విందు తరువాత అతిథులు ఇంటికి తీసుకుపోయే పులిహోర చేరుతుంది. పంచడం అనే పాత పరిష్కారం ఈ డబ్బాల ద్వారా కొనసాగుతోంది.

రెండు పద్ధతులూ ఒకే పదార్థం మీద కలిసే చోటు దోసెల పిండి. జనవరిలో ప్లేనో ఇల్లు పిండి పులియడానికి చాలినంత వెచ్చగా ఉండదు గనుక, గిన్నెను ఓవెన్‌లో పెట్టి లోపలి దీపం మాత్రం వెలిగించి ఉంచుతారు. ఆ దీపపు వేడికి పిండి పొంగుతుంది. పొంగిన పిండిని వెంటనే ఫ్రిజ్‌లోకి మారిస్తే పులుపు నెమ్మదించి నాలుగైదు రోజులు వస్తుంది. సూక్ష్మజీవులను పెంచడం తెలుగు ఇల్లు ఎప్పుడో నేర్చింది. కోరినచోట నిలిపివేయడం ఫ్రిజ్ నేర్పింది. వేసవి సంగతి దీనికి భిన్నం: 2011లో డాలస్ ప్రాంతంలో 71 రోజులు ఉష్ణోగ్రత 100 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 38 సెల్సియస్, తాకింది లేదా దాటింది. వడియాలకు అంతకంటే మంచి ఎండ గుంటూరులోనూ దొరకదు.

మిగిలిన అన్నం విషయంలో మాత్రం జాగ్రత్తగా మాట్లాడవలసి ఉంది. బియ్యంలో సహజంగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. ఆరిన అన్నం గది వెచ్చదనంలో గంటలు గడిపితే అవి మొలిచి, మళ్లీ వేడిచేసినా పోని విషాన్ని తయారుచేయగలవు. అమెరికా వ్యవసాయశాఖ చెప్పే నియమాలు దీనికి సరిపోయేవే: వండినది రెండు గంటలలోపు, బయట 90 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే గంటలోపు, 40 డిగ్రీల (సుమారు 4 సెల్సియస్) చల్లదనంలోకి చేరాలి, లోతు తక్కువ పాత్రలలో పెడితే త్వరగా చల్లబడుతుంది, మూడు నాలుగు రోజులలో తినాలి, తినేముందు 165 డిగ్రీలకు, అంటే పొగలు కక్కేలా, వేడిచేయాలి. చద్దన్నం తిని పెరిగిన తరానికి ఈ నియమాలు అతిగా తోచడం సహజమే. అయితే చద్దన్నాన్ని నీటిలో ముంచి, పులుపు తోడు వేసి, తెల్లవారగానే తింటారు; పొయ్యి గట్టు మీద మూతపెట్టి మరచిపోయిన కుక్కర్ అన్నానికి ఆ రక్షణ ఏదీ లేదు. రెండింటినీ ఒకటిగా చూడటం పూర్వుల జ్ఞానానికి అన్యాయం చేయడమే.

ఈ వ్యవస్థకు 2021 ఫిబ్రవరిలో కఠినమైన పరీక్ష ఎదురైంది. ఆ నెల 16న డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత −2 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే సుమారు −19 సెల్సియస్‌కు పడిపోయింది. టెక్సస్ విద్యుత్ వ్యవస్థ తట్టుకోలేక, ఒక దశలో 45 లక్షలకు పైగా ఇళ్లకూ దుకాణాలకూ కరెంటు లేకుండా పోయింది. ప్లేనో కూడా ఆ చీకటిలో గడిపింది. బయట మంచు పేరుకుని ఉండగా, లోపల ఫ్రిజ్ ఆగిపోయి ఉంది. తలుపు తెరవకపోతే ఫ్రిజ్ సుమారు 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లదనాన్ని నిలుపుకుంటాయి. ఆహారాన్ని నేరుగా పెరట్లోని మంచులో పెట్టవద్దని వ్యవసాయశాఖ హెచ్చరిస్తుంది. ఎండ పొడ తగిలితే అది వేడెక్కవచ్చు, జంతువులు ముట్టవచ్చు. బదులుగా గిన్నెలలో నీళ్లు పోసి ఆరుబయట గడ్డకట్టించి, ఆ గడ్డలను ఫ్రిజ్‌లో పెట్టమంటుంది. దాంతో ఫ్రిజ్ మళ్లీ 1920ల నాటి ఐస్‌బాక్సుగా పనిచేస్తుంది.

కరెంటు వచ్చాక ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలిపే ఫెడరల్ ప్రభుత్వపు పట్టిక ఒకటి ఉంది. 40 డిగ్రీల ఫారన్‌హీట్‌కు పైన రెండు గంటలు దాటి ఉన్న పాలు, పెరుగు, మాంసం, వండిన అన్నం, వండిన కూరలు, కోసిన పండ్లు పారేయవలసినవి. కోయని పండ్లు, వెన్న, గట్టి చీజ్, జామ్, ఆవపిండి ముద్ద, ఊరగాయలు ఉంచుకోదగినవి. ఆ పట్టిక ఉద్దేశించిన ఊరగాయ వెనిగర్‌లో ఊరిన దోసకాయే. దాన్ని కాపాడే ఆమ్లం, ఉప్పుల పనే ఆవకాయలోనూ జరుగుతుంది, నూనె దానికి అదనపు రక్ష. కరెంటు రాకముందు ప్లేనో రైతు ఇల్లు పెట్టుకున్న ఊరగాయా, ఫ్రిజ్ రాకముందు తెలుగు ఇల్లు పెట్టుకున్న ఊరగాయా ఆ పట్టికలో ఒకే వరుసలో, ఉంచుకోదగినవాటి వైపే పడతాయి.